‘ఒక్కడు’ కావాలా... జట్టు కావాలా?

చేతిలో ఉన్న డబ్బంతా పోసి ఒక్క మొనగాణ్ణి తెచ్చుకోవాలా? లేక అదే డబ్బుతో నలుగురు ఓ మాదిరి ఆటగాళ్ళను ఏరుకోవాలా? అమెరికా ఫుట్‌బాల్ జట్లను ముప్పై ఏళ్ళకు పైగా వేధిస్తున్న ప్రశ్న ఇది. మన తెలుగు టైటాన్స్‌ కూడా ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మూడేళ్ళు వరసగా అట్టడుగున పడింది!

‘బంగారు పిచ్చుక కావాలా... వెండి కొండ కావాలా?’

సంక్రాంతి సెలవుల్లో ముప్పాళ్ళ లాంటి పల్నాటి ఊళ్ళో పొద్దు వాలేవేళ బడి ఆవరణలోనో, కోతలైన చేలోనో ఇలాంటి మాట వినిపించిందంటే చెడుగుడు మొదలవబోతోందన్నమాట. ఆడేవాళ్ళు మొత్తం పద్నాలుగు మంది అనుకుందాం. ఇద్దరు నాయకులుగా నిలబడతారు. మిగిలిన పన్నెండు మందీ ఈడూ జోడూ చూసుకుని జంటలవుతారు. గట్టివాడికి గట్టివాడు, బక్కోడికి బక్కోడు. ఒక్కో జంట అవతలికెళ్ళి, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని, గుసగుసగా చెరో దొంగ పేరూ పెట్టుకుని వస్తుంది. నాయకుడు ఏ పేరు కోరుకుంటే ఆ పిల్లాడు అతని వైపు. రెండోవాడు అవతలి వైపు. ఇద్దరు మొనగాళ్ళూ ఒక జట్టుకే పోయే వీల్లేదు. ఏ సంఘమూ, ఏ నిబంధనల పుస్తకమూ లేకుండా పిల్లలు కనిపెట్టిన న్యాయం అది!

అదే చెడుగుడు కబడ్డీ లీగై, దానికి టీవీలూ కోట్ల రూపాయలూ తోడైతే... దొంగ పేర్లు పోయి వేలంపాట వస్తుంది. అప్పుడు గట్టివాడికి ఒక ధర, బక్కోడికి ఇంకో ధర. చేతిలో ఉన్న సొమ్ము మాత్రం అందరికీ ఒకటే. అక్కడే మొదలవుతుంది అసలు తలనొప్పి.

అల్లుడుగారి ఫుట్‌బాలు

ఈ తలనొప్పిని అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా పడ్డవాళ్ళు అమెరికావాళ్ళు. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తడం. గుంటూరు, పల్నాడుల నుంచి వెళ్ళి డల్లాస్‌లో స్థిరపడ్డ అల్లుడు ఆదివారం టీవీ ముందు కూర్చుంటే, చూడ్డానికి వెళ్ళిన మామగారు ‘ఇదేం ఫుట్‌బాలు అల్లుడుగారూ, కాలు తగలనే లేదు’ అనడం మామూలే. కాసేపు చూస్తే మాత్రం ఆయనకే తెలుస్తుంది... ఒకడు చొరబడటం, నలుగురు మీదపడి పట్టెయ్యడం, ఇది మన చెడుగుడుకి దూరపు చుట్టమేనని.

ఆ లీగ్‌లో 32 జట్లు. కాలేజీ ఆట ముగించుకుని వచ్చే కుర్రాళ్ళను ఏటా ఏప్రిల్‌లో పంచుకుంటారు. దీన్ని డ్రాఫ్ట్ అంటారు. 1936లో మొదలైంది. వేలం లేదు, డబ్బు కట్టడం లేదు, వంతులవారీగా కోరుకోవడమే. కిందటేడాది అందరికంటే చిత్తుగా ఓడిన జట్టుకి మొదటి వంతు, కప్పు గెలిచినవాళ్ళకి చివరి వంతు. అలా ఏడు రౌండ్లు. మన పిల్లల జంటల పద్ధతి లాగే, బలమంతా ఒకచోటే పోగుపడకుండా చేసిన ఏర్పాటు ఇది.

అయితే ఇందులో ఓ చిన్న కిటుకు ఉంది. వంతులు మార్చుకోవచ్చు! మీకు ఇరవయ్యో వంతు వచ్చింది, మీ కన్నేమో అయిదో వంతులో పోబోయే కుర్రాడి మీద. అయిదో వంతు ఉన్న జట్టుకి మీ ఇరవయ్యో వంతూ, దాంతోపాటు ఇంకో రెండు మూడు వంతులూ ఇచ్చి పైకి ఎగబాకొచ్చు. అదే బేరాన్ని అవతలి జట్టు వైపు నుంచి చూస్తే, ఒక మంచి వంతు వదులుకుని కిందికి దిగి, బదులుగా నలుగురిని తీసుకోవడం. పైకెక్కాలా... కిందికి దిగాలా? ఏప్రిల్ వస్తే ఆ దేశంలో టీ కొట్టు లాంటి చోటల్లా ఇదే గోల.

ముప్పాళ్ళ రైతుకి ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. ఉన్న నాలుగెకరాలూ మిర్చే వేసేయాలా? లేక రెండెకరాలు మిర్చి, ఓ ఎకరం పత్తి, ఇంకో ఎకరం కంది వేసుకోవాలా? ధర నిలబడి, తెగులు రాకపోతే మొదటాయనదే రాజ్యం. కానీ ఆ ‘పోతే’లోనే ఉంది కథంతా.

పెళ్ళికూతురు బట్టల్లో ఆటగాడు

పైకెక్కి బోర్లాపడ్డ వాళ్ళలో అందరికంటే ప్రసిద్ధుడు మైక్ డిట్కా. న్యూఆర్లీన్స్ సెయింట్స్ జట్టు కోచ్. 1999లో రికీ విలియమ్స్ అనే పరుగుల వీరుడి మీద ఆయన మనసుపడ్డాడు. అతని కోసం అయిదో వంతు కావాల్సివచ్చింది. ఆ ఏడాది తమకున్న వంతులన్నీ ఇచ్చేశాడు. చాలలేదు. వచ్చే ఏడాది మొదటి రౌండ్ వంతూ, మూడో రౌండ్ వంతూ కూడా కలిపాడు. మొత్తం ఎనిమిది వంతులు, వచ్చింది ఒక్కడు! ఆ సంబరంలో డిట్కా పెళ్ళికొడుకులా సూటూ, విలియమ్స్ పెళ్ళికూతురిలా తెల్ల గౌనూ వేసుకుని ఓ పత్రిక ముఖచిత్రానికి ఫొటో కూడా దిగారు. కాపురం మాత్రం ఎన్నాళ్ళో సాగలేదు. ఆ సీజన్లో జట్టు ఆడిన 16 మ్యాచ్‌ల్లో గెలిచినవి మూడే. డిట్కా ఉద్యోగం పోయింది. పాపం విలియమ్స్ చెడ్డ ఆటగాడేం కాదు. అతనికి దారి చేసి పెట్టేవాళ్ళను కొనుక్కోవడానికే జట్టు దగ్గర ఏమీ మిగల్లేదు.

దానికి పదేళ్ళ ముందు డల్లాస్ కౌబాయ్స్ సరిగ్గా దీనికి తిరగేసి చేసింది. 1989 అక్టోబరు నాటికి ఆ జట్టు పరిస్థితి ఘోరం. ఉన్న ఒకే ఒక్క వజ్రం హెర్షెల్ వాకర్. కోచ్ జిమ్మీ జాన్సన్ ఆ వజ్రాన్నే అమ్మేశాడు! మిన్నెసోటా వైకింగ్స్ నుంచి బదులుగా కొందరు ఆటగాళ్ళనూ, బోలెడన్ని డ్రాఫ్ట్ వంతులనూ రాబట్టాడు. అభిమానులు తిట్టిపోశారు. ఆ సీజన్లో డల్లాస్ 16 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచింది. కానీ ఆ వంతులతో, వాటిని మళ్ళీ మళ్ళీ మారుస్తూ వేసిన పునాది మీదే 1992, 1993, 1995 సీజన్లలో మూడు సూపర్‌బౌల్ కప్పులు వచ్చి పడ్డాయి. ఏ వంతుకి ఎంత విలువో పాయింట్లు కట్టిన పట్టీ కూడా ఆ కౌబాయ్స్ శిబిరంలోనే పుట్టింది. మొదటి వంతుకి మూడు వేల పాయింట్లు, అక్కణ్ణుంచి దిగుతూ... అచ్చం మిర్చి యార్డులో రకాన్ని బట్టి ధర కట్టినట్టే.

ఆ పట్టీ కట్టిన ధరలు నిజమేనా అని లెక్కతేల్చడానికి కూర్చున్నవాడు మామూలువాడు కాదు, రిచర్డ్ థేలర్. 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న పెద్దమనిషి. కేడ్ మాసీతో కలిసి ఏళ్ళ తరబడి డ్రాఫ్ట్‌లను తిరగేసి ఆయన తేల్చింది ఏమిటంటే, జట్లు మొదటి వంతులకు అవసరానికి మించి విలువ ఇస్తున్నాయని! ముందు కోరుకున్న కుర్రాడు, అదే స్థానంలో ఆడే తర్వాతి కుర్రాడి కంటే మెరుగ్గా ఆడే అవకాశం ఎంతో తెలుసా? వందకి 52. దాదాపు బొమ్మా బొరుసా. ఆ తేడా కోసం మూడు నాలుగు వంతులు ధారపోయడం దండగని వాళ్ళ మాట. కిందికి దిగినవాడే తెలివైనవాడన్నమాట.

లెక్క తేలిపోయింది కదా అనుకుంటే తప్పే. ఆ లెక్కని వెక్కిరించే పేరు ఒకటుంది, పాట్రిక్ మహోమ్స్. 2017లో కాన్సస్ సిటీ చీఫ్స్ 27వ వంతు నుంచి పదో వంతుకి ఎగబాకి మరీ అతన్ని పట్టుకుంది. అతనితో మూడు సూపర్‌బౌల్‌లు గెలిచింది. అయితే ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి. అంతకు ముందు సీజన్లోనే ఆ జట్టు 16లో 12 మ్యాచ్‌లు గెలిచింది. అంటే ఇల్లు కట్టేసి ఉంది. కావాల్సింది పైన కలశం మాత్రమే. మొదటి ఏడాది మహోమ్స్‌ని దాదాపు పక్కన కూర్చోబెట్టే ఓపిక కూడా వాళ్ళకి ఉంది.

డిట్కా దగ్గర ఇల్లు లేదు. కలశం కొన్నాడు.

రెండు కోట్ల అరవై లక్షల యాభై వేలు

ఇప్పుడు మన ఇంటికొద్దాం. ప్రొ కబడ్డీ లీగ్ 2014లో మొదలైంది. మొదటి వేలంలో ఒక్కో జట్టు ఖర్చుపెట్టగలిగింది 60 లక్షలే. అప్పుడు అత్యధిక ధర పలికిన రాకేశ్ కుమార్‌కి దక్కింది 12 లక్షల 80 వేలు. తెలుగు టైటాన్స్ రాహుల్ చౌదరి కూతల మీద 2015లోనూ, 2016లోనూ సెమీఫైనల్ దాకా వెళ్ళింది. తెలుగువాళ్ళిళ్ళల్లో రాత్రి భోజనాల వేళ సీరియళ్ళకి కబడ్డీ పోటీ వచ్చిన రోజులవి.

ఆ తర్వాత మొదలైంది మొనగాళ్ళ వేట. 2018లో రాహుల్‌నే కోటీ 29 లక్షలకు నిలబెట్టుకున్నారు. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని కోటీ 45 లక్షలకు తెచ్చారు. 2021 వేలంలోనూ కోటీ 30 లక్షలు పెట్టి అతన్నే ఉంచుకున్నారు. ఆ సీజన్ మొదట్లోనే దేశాయ్ గాయపడ్డాడు. ఇరవై రెండు మ్యాచ్‌ల్లో టైటాన్స్ గెలిచింది ఒక్కటి. మరుసటి సీజన్లో రెండు.

అట్టడుగున ఉన్న జట్టు ఏం చేయాలి? 2023 అక్టోబరులో ముంబయి వేలంలో టైటాన్స్ చేసింది ఇదీ... పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. లీగ్ చరిత్రలో అప్పటిదాకా ఎవరూ పలకని ధర. జట్టు మొత్తానికి ఉన్న పరిమితి 5 కోట్లు. అంటే సగానికి పైగా ఒక్కడికే! జట్టులో కనీసం 18 మంది ఉండాలి. మిగిలిన 2 కోట్ల 39 లక్షల 50 వేలను 17 మందికి పంచితే తలా 14 లక్షలు. ఆ వేలంలో మూడో తరగతి ఆటగాడి ప్రారంభ ధరే 13 లక్షలు.

పవన్ తన పని తాను చేశాడు. ఆ సీజన్లో రెండొందలకు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం మళ్ళీ రెండే గెలిచి మళ్ళీ అట్టడుగునే ఉంది. ఆ సీజన్ ఫైనల్ 2024 మార్చి 1న జరిగింది మన గచ్చిబౌలిలోనే. సొంత ఊళ్ళో పెళ్ళి, మనకే పిలుపు లేదు.

ఎందుకిలా? కబడ్డీ తెలిసినవాళ్ళకి కారణం ఆటలోనే కనిపిస్తుంది. ఇది క్రికెట్ కాదు. క్రికెట్‌లో సెంచరీ వీరుడు క్రీజులో ఉన్నంతసేపూ ఎవరి సాయమూ లేకుండా దంచుకోవచ్చు. కబడ్డీలో మొనగాడు కూతకెళ్ళి పట్టుబడ్డాడంటే బయట కూర్చోవాల్సిందే. అతను మళ్ళీ లేవాలంటే మిగిలినవాళ్ళలో ఎవరో ఒకరు కూతకెళ్ళి పాయింటు తేవాలి, లేదా అవతలి రైడర్‌ని పట్టాలి. ఆ ఎవరో ఒకరు లేకపోతే? రెండున్నర కోట్ల ఆటగాడు గట్టు మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంటాడు. ప్రత్యర్థికీ పని సులువు. ఏడుగురిని ఆపక్కర్లేదు, ఒక్కణ్ణి బయట ఉంచితే చాలు. ఊళ్ళో ఆడే పిల్లలకి కూడా తెలుసు ఈ యుక్తి. ‘ముందు వాణ్ణి లేపేయండిరా, మిగతావాళ్ళ సంగతి తర్వాత’ అనేగా అరుస్తారు!

సరిగ్గా ఏడాది ముందు పొరుగింట్లో ఇదే పాఠం తిరగేసి జరిగింది. 2022లో తమిళ్ తలైవాస్ ఇదే పవన్‌ని 2 కోట్ల 26 లక్షలకు కొన్నది. మొదటి మ్యాచ్‌లోనే అతని మోకాలికి దెబ్బ తగిలి సీజనంతా ఆడలేకపోయాడు. ఇక తలైవాస్ పని అయిపోయిందనుకున్నారు అందరూ. కానీ కొత్త కుర్రాళ్ళ కోటాలో వచ్చిన నరేందర్ కండోలా ఆ సీజన్లో 243 రైడ్ పాయింట్లు కొట్టాడు. జట్టు మొదటిసారి సెమీస్‌కి వెళ్ళింది! పవన్ ఆడి ఉంటే ఆ కుర్రాడికి అన్ని కూతలు దక్కేవా?

పాఠం ఒకవైపే ఉంటే రాయడానికి హాయిగా ఉండేది. లేదు. ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూని చూడండి. పవన్‌ని కొన్న వేలంలోనే అతన్ని 2 కోట్ల 35 లక్షలకు పుణెరి పల్టన్ కొన్నది. ఆ సీజన్ కప్పు పుణెదే. మరుసటి ఏడాది 2 కోట్ల 7 లక్షలకు హరియాణా స్టీలర్స్ కొన్నది. కప్పు హరియాణాది! మరి మొనగాణ్ణి కొనడం తప్పెలా అవుతుంది? పుణె సంగతి కాస్త లోతుకి వెళ్ళి చూడాలి. అస్లాం ఇనామ్‌దార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్ళను వాళ్ళు అంతకు ముందే తయారుచేసుకుని ఉన్నారు. ముందటేడాదే ఫైనల్ ఆడిన జట్టు అది. షాద్లూ వాళ్ళకి కలశం. 2025లో అతన్ని గుజరాత్ జెయింట్స్ 2 కోట్ల 23 లక్షలకు తీసుకుంది. కప్పు మాత్రం అతని వెంట గుజరాత్‌కి వెళ్ళలేదు.

కోడిపుంజు మీద రాజ్యం

ఒక్కదాని మీదే అంతా ఒడ్డడం పల్నాడుకి కొత్త విద్యేం కాదు. నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడి కోడిపందెం కథ తెలియనివాళ్ళు ఈ ప్రాంతంలో ఉండరు. ఒక్క పందెంలో ఓడి మాచర్లవాళ్ళు ఏడేళ్ళు వనవాసం వెళ్ళాల్సివచ్చింది. చివరికి ఆ పగ కారంపూడి యుద్ధభూమిలో తేలింది. పుంజు బలమైనదే అయినా పందెం పందెమే.

సినిమావాళ్ళకీ ఈ రెండు దార్లూ తెలుసు. 2003లో మహేశ్‌బాబు కబడ్డీ ఆటగాడిగా వచ్చిన సినిమా పేరు ‘ఒక్కడు’. 2010లో నాని ఆడిన సినిమా పేరు ‘భీమిలి కబడ్డీ జట్టు’. వెండితెర మీద మొదటిదే పెద్ద హిట్టు. మ్యాట్ మీద లెక్క వేరు.

టైటాన్స్ ఆ లెక్కకి ఒక్కసారిగా రాలేదు. 2024 వేలంలో పవన్‌ని మళ్ళీ ఉంచుకున్నారు. కాకపోతే ఈసారి కోటీ 72 లక్షల 50 వేలకే. అంటే 88 లక్షలు మిగిలాయి. అంతకు రెండేళ్ళ ముందు దబాంగ్ దిల్లీకి కప్పు తెచ్చిపెట్టిన కోచ్ క్రిషన్ కుమార్ హూడా పగ్గాలు పట్టుకున్నాడు. ఆ సీజన్ మధ్యలో పవన్ గాయంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైతే విజయ్ మలిక్ కూత అందుకున్నాడు. 22 మ్యాచ్‌ల్లో 12 గెలిచి ఏడో స్థానం. ఆరో స్థానంలో ఉంటే ప్లేఆఫ్స్. ఒక్క మెట్టు.

ఇక 2025లో అసలు తెగింపు. పవన్‌ని వదిలేశారు. తమిళ్ తలైవాస్ 59 లక్షల 50 వేలకు అతన్ని తీసుకుంది. రెండేళ్ళలో ధర నాలుగో వంతు కంటే కిందికి దిగింది. మిర్చి ధరలు కూడా అంతలా పడితే రైతు రోడ్డెక్కుతాడు. టైటాన్స్ పద్దులో ఈసారి కోటి దాటిన పేరు లేదు. భరత్ హూడాకి 81 లక్షలు పెట్టారు, విజయ్ మలిక్‌ని సారథిని చేశారు. ఆగస్టు 29న విశాఖలో మొదటి మ్యాచే తలైవాస్‌తో. సొంత జనం ముందు, వదిలేసిన పవన్ ఎదురుగా... 35-38తో ఓడారు. ‘అనవసరంగా వదిలేశారు’ అన్న మాట ఆ రాత్రి ఎన్ని ఇళ్ళల్లో వినిపించిందో లెక్కలేదు.

తర్వాత మెల్లగా అర్థమైంది తేడా. భరత్ పట్టుబడి కూర్చుంటే విజయ్ పాయింటు తెచ్చి లేపుతున్నాడు. విజయ్ కూర్చుంటే భరత్. ఇద్దరూ కూర్చున్న రోజున డిఫెండర్లు అవతలివాళ్ళ కాళ్ళు పట్టి లేపుతున్నారు. ఏళ్ళ తర్వాత టైటాన్స్ ప్లేఆఫ్స్‌కి చేరింది. అక్కడ బెంగళూరు బుల్స్‌ని ఓడించింది, పట్నా పైరేట్స్‌ని ఓడించింది. ఫైనల్‌కి ఒక్క మ్యాచ్ దూరంలో, రెండో క్వాలిఫయర్‌లో పుణెరి పల్టన్ చేతిలో ఆగిపోయింది. అక్టోబరు 31న ఆ పుణెనీ ఓడించి దబాంగ్ దిల్లీ కప్పు ఎత్తుకుంది.

ఒక్క సీజన్ చూసి టైటాన్స్‌కి దారి దొరికిందనడం తొందరపాటే. పైగా ఇలాంటి జట్లకి కొత్త చిక్కొకటి ఎదురవుతుంది. ఓ మాదిరి ధరకి తెచ్చుకున్నవాడు బాగా ఆడితే మరుసటి వేలంలో అతనే మొనగాడు. భరత్ లాంటివాడికి ఇంకో జట్టు కోటిన్నర పలికితే? అదే ధర ఇచ్చి ఉంచుకునే హక్కు పాత జట్టుకి ‘ఫైనల్ బిడ్ మ్యాచ్’ కార్డుతో ఉంటుంది. వాడితే మళ్ళీ డబ్బంతా ఒక్కడి మీదకే. వాడకపోతే, చేతులారా తయారుచేసిన కుర్రాడు ఎదుటి కోర్టులో కూత పెడుతూ కనిపిస్తాడు.

ఈ బేరసారాల్లో ఊళ్ళల్లో ఆడే కుర్రాళ్ళకీ ఓ వాటా ఉంది. లీగ్‌లో పేరుమోసినవాళ్ళలో ఎక్కువమంది హరియాణా, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్రల నుంచి వచ్చినవాళ్ళే. పల్నాటి పిల్లాడు లోపలికెళ్ళడానికి తలుపంటూ ఉంటే అది కొత్త యువ ఆటగాళ్ళ కోటానే. నవీన్ కుమార్ 2018లో ఆ తలుపులోంచే 6 లక్షల 60 వేలకు దిల్లీ జట్టులోకి వచ్చాడు, మూడో సీజన్‌కల్లా కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. జట్టు కూతలన్నీ ఒక్క మొనగాడికే రాసిచ్చినచోట అలాంటి కుర్రాడు లోపలికొచ్చినా బెంచీ మీదే కూర్చుంటాడు.

ముప్పాళ్ళ పక్క ఊళ్ళల్లో ఈ సంక్రాంతికీ పోటీలుంటాయి. పందెం పెద్దదైతే బయటి ఊరి నుంచి డబ్బిచ్చి ఓ మొనగాణ్ణి పిలిపించుకుందామనే వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరుంటారు. ఆ డబ్బుతో మన పిల్లలకి నెల రోజులు గుడ్లూ పాలూ పెడదామనే వాళ్ళూ ఇద్దరుంటారు. రచ్చబండ దగ్గర ఆ వాదన తెల్లవార్లూ సాగుతుంది.